మోనిత చేతిలో రిపోర్టు

డాక్టరు: మోనిత గొప్ప విలన్ అని మీరంటే ఒప్పుకుంటాను. శోభాశెట్టి ఆ పాత్రను ఎంతగా పండించిందంటే, 2023లో బిగ్‌బాస్ ఇంట్లోకి వెళ్లినా జనం ఆమెలో మోనితనే చూశారు. నటనతో నాకు పేచీ లేదు. ఆ పాత్ర కథలో ఏ పనికి పుట్టిందన్నదే నా గొడవ. 'కార్తీక దీపం' సీరియల్లో మోనిత ఉన్నది దీపను ఏడిపించడానికని అందరూ అనుకుంటారు. నా లెక్కలో ఆమె ఉన్నది దీప మొగుడు కార్తీక్‌ని, అదే డాక్టర్ బాబును కాపాడటానికి.

రచయిత: ఆ సీరియల్ నేను రాయలేదు గానీ, అలాంటివి రాసే బతుకుతున్నాను కాబట్టి జవాబు చెప్పుకోవాల్సిందే. కాపాడటమేంటండీ? పచ్చని కాపురంలో నిప్పులు పోసిన మనిషి కదా!

డాక్టరు: కాపురం కూల్చింది కార్తీక్. కథ ఇంకోసారి తలుచుకోండి. భార్య కడుపుతో ఉంది. నీకు పిల్లలు పుట్టే యోగం లేదని స్నేహితురాలు ఒక అబద్ధం అల్లింది, దానికి రిపోర్టు సాక్ష్యం. ఆయనేమీ చదువురాని వాడు కాదు, గుండె డాక్టరు. అయినా భార్య మాట ఓడిపోయింది, కాగితం గెలిచింది. ఆమె బయటికొచ్చి వంటలు చేసుకుని బతికింది, వంటలక్క అయింది. కవలల్లో ఒక పిల్ల ఈమె దగ్గర, ఇంకో పిల్ల ఆయనింట్లో పెరిగారు. ఇందులో మోనిత చేసింది అబద్ధమాడటం. నమ్మింది ఎవరు? ఏళ్ల తరబడి నమ్ముతూనే కూర్చున్నది ఎవరు? 2017 అక్టోబరులో మొదలైన సీరియల్ 2023 జనవరిలో ముగిసింది. 1,500 పైచిలుకు ఎపిసోడ్లు. అందులో ఎంత భాగం ఆయనగారి అనుమానం మీద నడిచిందో మీకు తెలుసు. శాపనార్థాలు మాత్రం మోనితకు తగిలాయి.

రచయిత: డాక్టర్ బాబును వదిలిపెట్టారా ఏమిటి! డీఎన్‌ఏ టెస్టు చేయించుకోవయ్యా మహానుభావా అని ఊరూవాడా మొత్తుకుంది. ఫోన్లలో జోకులే జోకులు.

డాక్టరు: తెలివితక్కువవాడని నవ్వుకున్నారు. దుర్మార్గుడని ఎవరూ అనలేదు. మీ విలన్ చేసిన మేలు అదే. ఆయన చేసిన అన్యాయం కాస్తా అమాయకత్వం కింద జమ అయిపోయింది.

రచయిత: ఈ పద్ధతి టీవీ వాళ్లు కనిపెట్టింది కాదు. కాళిదాసు కాలం నుంచీ ఉంది. మహాభారతంలో దుష్యంతుడికి శకుంతల బాగానే గుర్తుంటుంది. గుర్తుండే, లోకం ఏమంటుందోనని నిండు సభలో నువ్వెవరో తెలియదంటాడు. ఆకాశవాణి పలికితే గానీ దారికి రాడు. అలాంటివాణ్ణి నాయకుణ్ణి చేసి ప్రేమ నాటకం నడపడం ఎవరి తరం? అందుకని కాళిదాసు దుర్వాసుడి శాపం తెచ్చాడు, ఉంగరం తెచ్చాడు. రాజు తప్పు శాపం ఖాతాలోకి పోయింది. మోనిత చేతిలో రిపోర్టు కూడా దుర్వాసుడి శాపం లాంటిదే. కాళిదాసు చేస్తే కావ్యం, మేం చేస్తే జిడ్డు సీరియలా?

డాక్టరు: నా వాదన మీరే చెప్పారు, సంతోషం. తెలుగువాళ్లకి కాళిదాసు కంటే ముందు నన్నయ శకుంతల పరిచయం. ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకుని రాజుకి సత్యం అంటే ఏమిటో పాఠం చెబుతుంది. బళ్లో అందరం కంఠస్థం చేశాం. ఆ మాటలకి అంత పదును ఎక్కడిది? ఎదురుగా ఉన్నవాడు తెలిసి అబద్ధమాడుతున్నాడు కాబట్టి వచ్చింది. శాపం మధ్యలోకి వచ్చిందంటే ఆ పదును పోయినట్టే.

రచయిత: కాళిదాసు శకుంతల కూడా ఐదో అంకంలో రాజును ఊరుకోలేదు. ముఖం మీదే అనార్యుడా అంది.

డాక్టరు: అంది. అయితే ఆ క్షణంలో చూసేవాడికి రాజు మీద జాలి. పాపం, ఆయనకి తెలియదు కదా అని. తిట్టే ఆడదాని మాట నిజమైనా గాలికి పోతుంది. దీప ఎన్ని మాటలన్నా అంతే. మనకు మోనిత సంగతి తెలుసు, ఆయనకు తెలియదు. ఆ తేడాలో ఆయన మంచివాడైపోయాడు.

రచయిత: బాగుంది. ఇప్పుడు నా ఇబ్బంది వినండి. కార్తీక్ తెలిసి చేసిన దుర్మార్గుడైతే, దీప మళ్లీ అతని గుమ్మం ఎందుకు తొక్కాలి?

డాక్టరు: తొక్కక్కర్లేదు.

రచయిత: అప్పుడు కథ నలభై ఎపిసోడ్లలో ఐపోతుంది. ఆమె వెళ్లింది, నిలదొక్కుకుంది, శుభం. సినిమాకి చాలు. రోజూ రాత్రి ఏడున్నరకి టీవీ పెట్టే మనిషికి కావలసింది అది కాదు. ఆ కుటుంబం మళ్లీ ఒకటి కావాలి, తన కళ్లముందు కావాలి. ఇది వెనకబాటుతనం అని కొట్టిపారేయకండి. మొగుడు కాదన్న ఆడవాళ్లలో తెగతెంపులు చేసుకోగలిగిన వాళ్లు ఎంతమంది? మిగిలినవాళ్లు ఒకరోజు నిజం బయటపడుతుందని, మనిషి తలవంచుకుని వస్తాడని ఆశ పెట్టుకుని బతుకుతారు. ఆ ఆశకి రోజుకో అరగంట ఊపిరి పోయడం మా పని. విలన్ లేకుండా అది కుదరదు. తప్పు వేరేవాళ్లదైతేనే మొగుణ్ణి క్షమించగలం.

డాక్టరు: ఈ మాట మాత్రం ఆలోచించాల్సిందే. నేను అంత దూరం పోలేదు.

రచయిత: ఇంకో సంగతి. సీరియల్లో పనిచేసే మనిషి ఒక్కరైనా ఉండాలి. హీరో మంచివాడు కాబట్టి ఏమీ చేయడు. హీరోయిన్ ఓర్పు గలది కాబట్టి ఏమీ చేయదు. పెద్దవాళ్లు హాల్లో నిలబడి మాట్లాడతారు. వారానికి ఆరు ఎపిసోడ్లు, గురువారం రేటింగులు. ఎవరో ఒకరు పొద్దున్నే లేచి ఏదో ఒకటి చేయాలి కదండీ! ఆ ఇంట్లో ఉద్యోగం చేసినట్టు పనిచేసింది మోనిత. జైలుకి వెళ్లింది, బయటికొచ్చింది, మళ్లీ మొదలుపెట్టింది. తనకేం కావాలో దాచుకోకుండా చెప్పిన పాత్ర కూడా ఆమే. మిగతావాళ్లు త్యాగం చేస్తున్నామంటూ లోపల ఏడుస్తారు. ఈమె నాకు కార్తీక్ కావాలి అంటుంది, అంతే. ఆడవాళ్లు ఆమెను తిట్టుకుంటూ చూశారని మీరంటారు. తిట్టుకుంటూ చూశారు సరే, లోపల ఎక్కడో ఇష్టపడుతూ కూడా చూశారు. నాకు కావాలి అని పైకి అనే అవకాశం మన ఇళ్లలో ఏ కోడలికి దక్కింది?

డాక్టరు: ఇష్టపడే చూశారు. మా ఇంట్లోనూ.

రచయిత: రుజువు కూడా ఉంది. 2022లో కార్తీక్, దీప ప్రమాదంలో పోయినట్టు చూపించి, కథను ఎదిగిన పిల్లల మీదికి మార్చారు. జనం చూడటం తగ్గించారు. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించాల్సి వచ్చింది. దీప కోమాలోంచి లేచింది. కార్తీక్‌కి గతం గుర్తులేదు. అతని పక్కన ఎవరున్నారు? మోనితే. నాయికానాయకుల్ని బతికించగానే సరిపోలేదు, విలన్‌ని కూడా వెనక్కి తెచ్చారు.

డాక్టరు: ఆ గతం మరిచిపోవడం గురించి నన్ను కదిలించకండి. తలకి దెబ్బ తగిలినవాళ్లు సాధారణంగా ఆ ప్రమాదం ముందూ వెనకా జరిగిన కొంత కాలాన్ని మరిచిపోతారు. కొత్త సంగతులు గుర్తుపెట్టుకోలేక అవస్థపడతారు. పేరూ, పెళ్లాం పూర్తిగా చెరిగిపోయి, తతిమ్మా మనిషి భేషుగ్గా ఉండటం బహు అరుదు. మీ సీరియళ్లలో మాత్రం అది జలుబులాగా వస్తుంది.

రచయిత: అసలు అది ఆసుపత్రి సీరియలే కాదు, స్టెతస్కోపు వేసుకున్న కుటుంబ సీరియల్ అని తీసిపారేయొచ్చు మీరు.

డాక్టరు: తీసిపారేయను. అందులో మలుపులన్నీ వైద్యానివే. దొంగ రిపోర్టు, గర్భం, కోమా, మతిమరుపు. వైద్యం తీసేస్తే కథ లేదు. అందుకే నాకు పట్టింపు. అమ్మాయిని చదివించి డాక్టర్ని చేస్తే ఏమవుతుందో మోనితలో చూపించారు. ఇటు వంట చేసే ఇల్లాలు దేవత. అటు సొంత సంపాదన, సొంత కారు, సొంత కోరిక ఉన్న డాక్టరమ్మ రాక్షసి. ఒక్కరోజు చూపిస్తే ఒక పాత్ర అనుకోవచ్చు. ఐదేళ్లు చూపిస్తే అదొక అభిప్రాయమవుతుంది.

రచయిత: దీనికి సూటిగా జవాబు లేదు నా దగ్గర. అడ్డదారి జవాబు ఉంది. మోనితకు ముందు ఆ కుర్చీలో ఎవరున్నారు? అత్తగారు. సూర్యకాంతం అన్న పేరు ఆడపిల్లలకి పెట్టడం మానేసేంతగా మన సినిమా అత్తని విలన్ని చేసింది. 'కార్తీక దీపం'లో అత్త సౌందర్య మొదట్లో రంగు చూసి దీపను ఈసడించుకున్నా, పోనుపోను కోడలి వైపు నిలబడింది. కొడుకుతో కోడలి కోసం పోట్లాడే అత్త తెలుగు ఇళ్లలోకి రోజూ వచ్చింది. అత్త మంచిదవ్వాలంటే చెడ్డతనం ఇంకెవరో మోయాలి. మోనిత మోసింది. విలన్ వంటింట్లోంచి క్లినిక్‌లోకి మారింది.

డాక్టరు: ఏ గదిలో కూర్చున్నా విలన్ ఆడదే. మగవాడికి ఆ కుర్చీ ఎప్పుడిస్తారు?

రచయిత: అది నిజమే. రంగు విషయం కూడా చూడండి. తెల్లగా ఉన్న అమ్మాయి చెడ్డది, నల్లగా ఉన్న అమ్మాయి నాయిక. ఫెయిర్‌నెస్ క్రీముల ప్రకటనల మధ్యలో ఈ కథ నడిచింది. మోనిత అంత తెల్లగా, అంత మెరిసిపోతూ ఉండబట్టే దీప రంగు గౌరవంగా నిలిచింది.

డాక్టరు: ఆ రంగు మేకప్ వేసి తెచ్చింది కదండీ. ప్రేమి విశ్వనాథ్‌కి నలుపు పూసి నల్లపిల్లని చేశారు.

రచయిత: పూశారు. మలయాళంలో మొదట వచ్చిన 'కరుత్తముత్తు'లోనూ ఆమే నటించింది. నల్లటి నటి దొరకలేదని ఎవరైనా చెబితే నేనూ నమ్మను. ఇక్కడ మీదే పైచేయి.

డాక్టరు: పైచేయి కోసం రాలేదు గానీ, మీ వైపు నుంచి ఎవరూ చెప్పని ఒక మాట నేనే చెబుతాను. పిల్లలు లేరని మా దగ్గరికి వచ్చే జంటల్లో ముందుగా పరీక్షలకి నిలబడేది ఆడమనిషే. రక్తం, స్కానింగు, గొట్టాల ఎక్స్‌రే, అన్నీ ఆమెకే. దాదాపు సగం కేసుల్లో మగవాడి వైపు కూడా లోపం ఉంటుందని మాకు తెలుసు. అయినా మగవాడి చేత ఒక చిన్న వీర్య పరీక్ష చేయించడానికి తల ప్రాణం తోకకొస్తుంది. కొందరు అత్తగార్లు ఆ మాటెత్తగానే పైట బిగిస్తారు. అలాంటిచోట, అందరూ అన్నం తినే వేళకి, ఒక అందగాడికి, అదీ ఒక డాక్టరుకి, లోపం నీలో ఉంది అని టీవీలో చెప్పారు. అతను నమ్మాడు కూడా. ఆ మాట మన ఇళ్లలో వినబడేలా చేసింది మోనితే. పుణ్యం ఉన్నా లేకపోయినా ఆ ఖ్యాతి ఆమెది.

రచయిత: ఇది నాకు తట్టలేదు సుమండీ.

డాక్టరు: సంబరపడకండి. చివరికి ఏమైంది? రిపోర్టు అబద్ధం. ఆయన మగతనానికి ఏ లోటూ లేదు. లోపం మగవాడిలో ఉందంటే అది విలన్ కుట్ర అయి తీరాలి. తలుపు కాస్త తెరిచి, ముఖం మీదే మూసేశారు. ఇంకోటి చెబుతాను. ఒక్క రిపోర్టు పట్టుకుని పిల్లలు పుట్టరని ఏ డాక్టరూ తీర్పు చెప్పడు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇవ్వాలి. తేడా కనిపిస్తే కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి. జ్వరం వచ్చినా అంకెలు మారతాయి. కణాల సంఖ్య తక్కువుంటే అవకాశం తక్కువ అంటాం, లేదని అనం. ఇదంతా కార్తీక్‌కి తెలియనిదా? వేరే ల్యాబుకి వెళ్లి ఇంకో నమూనా ఇస్తే మీ సీరియల్ మూడో రోజు ఐపోయేది.

రచయిత: అందరూ డీఎన్‌ఏ, డీఎన్‌ఏ అన్నారు గానీ, ఆ సలహా అంత మంచిదేం కాదని నా ఉద్దేశం. సీతమ్మని అగ్నిలో దూకమన్నవాళ్లని తప్పుపడతాం. దీప పిల్లల రక్తం తీసి సీసాలో పోసి రుజువు చేయమనడం మాత్రం ఆధునికత అంటాం. మన చట్టమే ఆ దారికి ఒప్పుకోలేదు. 1872 నాటి సాక్ష్య చట్టం 112వ సెక్షన్ ప్రకారం పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఇద్దరూ కలుసుకునే వీలే లేదని రుజువు చేస్తే తప్ప. ఇప్పుడొచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 116వ సెక్షన్ కింద అదే మాట ఉంది. పిల్లలకి డీఎన్‌ఏ పరీక్షలు ఆనవాయితీగా ఆదేశించరాదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అంది. బిడ్డ గుర్తింపుని తల్లిదండ్రుల తగాదాలో సాక్ష్యంగా వాడకూడదని.

డాక్టరు: ఇప్పుడు మీరు నా వైపు ఎంత దూరం వచ్చారో చూసుకోండి. చట్టం భార్య వైపు మొగ్గింది. కార్తీక్ మొగ్గలేదు. చట్టానికి ఉన్నంత నమ్మకం కట్టుకున్నవాడికి లేకపోతే, మోనితను తిట్టి ఏం లాభం? డీఎన్‌ఏ ముచ్చట అంటారా, అది కూడా మనకి దూరపు వ్యవహారమేం కాదు. పితృత్వం మీద డీఎన్‌ఏ సాక్ష్యంతో దేశంలో తొలిరోజుల్లో నడిచిన కేసుల్లో ఒకటి కేరళది, పరీక్ష జరిగింది హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన కేంద్రంలో. మీ సీరియల్ మూలకథా కేరళదే, తెలుగులో నడిచిందీ ఇక్కడే. ఊళ్లో ల్యాబు పెట్టుకుని ఐదేళ్లు అనుమానంతో గడిపాడు మహానుభావుడు.

రచయిత: అది వినోదంగానే ఉంది. అయితే మోనిత తర్వాత చేసిన పని మాటేమిటి? కార్తీక్‌కి తెలియకుండా కృత్రిమ పద్ధతిలో గర్భం తెచ్చుకుని, ఇది నీ బిడ్డే అంటూ వచ్చింది. దాన్నైనా కార్తీక్ నెత్తిన వేయలేరు కదా. అది అచ్చంగా ఆమె దుర్మార్గం.

డాక్టరు: అచ్చంగా. అందులో నాకు రెండో మాట లేదు. సంతానసాఫల్య కేంద్రాల మీద 2021 చివర్లో చట్టం వచ్చింది. సంబంధించిన వాళ్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఏ కేంద్రమూ ఆ పని చేయకూడదు. డాక్టరు అలాంటి పని చేస్తే శిక్ష పడాల్సిందే. ఒప్పుకోకుండా ఒకరి శరీరం నుంచి ఏదైనా తీసుకోవడం ఎంత నేరమో ఆ కథలో బాగా తెలిసింది. తెలిసింది మగవాడి విషయంలో కాబట్టి అందరికీ వెంటనే తెలిసింది, అది వేరే సంగతి.

రచయిత: చురక బాగుంది. సరే, డాక్టరుగారూ, ఒప్పుకోవాల్సినవి నేనూ ఒప్పుకున్నాను. విలన్ ఉండటం వల్ల నాయకుడి తప్పు పలచబడుతుంది. నిజం. అయినా ఆ పలచబడటం వల్లే ఆ తప్పు లక్షల ఇళ్లలో హాలు మధ్యకి వచ్చింది. మొగుడు, అత్త, పిల్లలు అందరూ కూర్చుని చూశారు. కార్తీక్‌నే విలన్‌గా చూపిస్తే ఆ మొగుడే రిమోట్ అందుకుని చానల్ మార్చేసేవాడు. మోనిత ఉంది కాబట్టి కూర్చున్నాడు. కూర్చున్నవాడు దీప కన్నీళ్లు చూశాడు. ఎంత దిగిందో నాకు తెలియదు, ఎంతోకొంత దిగే ఉంటుంది.

డాక్టరు: లేదా, నా పెళ్లాం మీద నాకు అనుమానం వచ్చిందంటే ఎవరో చెప్పి ఉంటారు, నా తప్పేం లేదు అని దిగి ఉంటుంది. రెండూ సాధ్యమే.

రచయిత: రెండూ సాధ్యమే.

డాక్టరు: అయితే ఒక కథ చెబుతాను, రాస్తారా? రిపోర్టు దొంగది కాదు. ల్యాబు మంచిదే. కణాల సంఖ్య నిజంగానే తక్కువ. డాక్టరు చెప్పాల్సినట్టే చెప్పింది, అవకాశం తక్కువ గానీ లేకపోలేదు అని. రెండు నెలలకి భార్య నెల తప్పింది. మధ్యలో ఎవరూ లేరు. చెవిలో ఊదేవాళ్లు లేరు, శాపం లేదు. ఆ రాత్రి అతను ఆమెతో ఏమంటాడు?

రచయిత: చూసేవాళ్లకి కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి కావాలండీ.

డాక్టరు: ఉన్నాడు కదా, ఎదురుగా.

రచయిత: అతణ్ణి తిట్టుకుంటూ రోజూ టీవీ ముందు ఎవరు కూర్చుంటారు?

డాక్టరు: మా ఓపీలో కూర్చుంటున్నారు. అలాంటి భర్త పక్కనే, చేతిలో ఫైలు పట్టుకుని.

రచయిత: వాళ్లు ఇంటికెళ్లి టీవీ పెట్టేది అది మరిచిపోవడానికి. మళ్లీ అదే చూపించమంటారా?

డాక్టరు: ఐదేళ్లు చూపించమనడం లేదు. ఒక్క వారం రాసి చూడండి. వైద్యం సంగతులు ఏవి కావాలన్నా అడగండి, రిపోర్టులో ఏ అంకె ఎక్కడుంటుందో కూడా చెబుతాను. ఆ వారానికి మోనితకు మాత్రం కాల్షీటు ఇవ్వకండి.